ఆ డ్రూల్స్ ఫార్వర్డ్ ఇంక నాకు పంపొద్దు

డ్రూల్స్ (బిజినెస్ రూల్స్‌ని విడిగా రాసిపెట్టి నడిపించే జావా ఇంజిన్) గురించి నిన్నటి నుంచి ఒకే మెసేజ్ నాలుగు గ్రూపుల్లో వచ్చింది. ఒంగోలు బ్యాచ్ వాళ్లయితే రెండుసార్లు పంపారు. "జావా అప్లికేషన్‌లో డ్రూల్స్ లోడింగ్ స్లోగా ఉందా? ఈ నాలుగు చేయండి" అని, పక్కన రాకెట్ బొమ్మ. హీప్ (జావాకి ఇచ్చే మెమరీ) పెంచాలట, కంపైల్ అయిన రూల్స్‌ని సీరియలైజ్ చేసి ఫైల్లో దాచుకోవాలట, ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్త కీకంటైనర్ (రూల్స్ అన్నీ పట్టి ఉంచే డబ్బా) కట్టాలట, ఇవేవీ కుదరకపోతే ఇంజిన్ పీకేసి మామూలు కోడ్‌లో ఇఫ్-ఎల్స్ రాసుకోవాలట.

హీప్ గురించి ఒక్క ముక్క. రూల్స్ కంపైల్ చేసేది సీపీయూ. జీసీ (వాడని మెమరీని ఖాళీ చేసే పని) లాగ్‌లో టైమ్ పోతున్నట్టు కనిపిస్తే పెంచండి, లేకపోతే దాన్ని వదిలేయండి.

సీరియలైజ్ చేయడం ఐదో వెర్షన్ రోజుల చిట్కా, అప్పట్లో నేనూ చేశాను. ఏడో వెర్షన్‌లో ఎగ్జిక్యూటబుల్ మోడల్ వచ్చాక దాని అవసరం పోయింది: మావెన్ (బిల్డ్ టూల్) ప్లగిన్ బిల్డ్ టైమ్‌లోనే రూల్స్‌ని జావా క్లాసులుగా మార్చి జార్‌లో పెట్టేస్తుంది, సర్వర్ లేచేటప్పుడు డీఆర్ఎల్ (రూల్స్ రాసిన ఫైల్) చదివి కంపైల్ చేసే పని ఉండదు.

ఇక మూడోది. ఇది రాసిన మహానుభావుడు ఎవరో గానీ, ప్రొడక్షన్ మొహం చూసి ఉండడు. థ్రెడ్ సేఫ్టీ (ఒకేసారి నడిచే పనులు ఒకదాన్నొకటి పాడుచేయకుండా ఉండటం) కోసం రిక్వెస్ట్‌కో కంటైనర్ అట! పోయినేడు రొయ్యల కౌంట్‌ని (కిలోకి ఎన్ని తూగుతాయో) బట్టి కొనుగోలు రేటు లెక్కకట్టే అప్లికేషన్ ఒకటి మా చేతికొచ్చింది, దాంట్లో సరిగ్గా ఇదే పని చేసి పెట్టారు. థ్రెడ్ డంప్ (ఏ థ్రెడ్ ఏం చేస్తోందో చూపే లిస్టు) తీస్తే రిక్వెస్ట్ థ్రెడ్లన్నీ కీబేస్ (కంటైనర్ లోపల ఉండే, కంపైల్ అయిన రూల్స్ కట్ట) కట్టే చోటే వరసగా నిలబడి ఉన్నాయి, రేటు లెక్కకట్టే థ్రెడ్ ఒక్కటీ లేదు. కంటైనర్ కట్టిన ప్రతిసారీ కొత్త క్లాసులు లోడవుతాయి, పాతవాటిని డిస్పోజ్ చేసిన పాపాన ఎవరూ పోలేదు, మెటాస్పేస్ (లోడైన క్లాసులు ఉండే మెమరీ) పెరిగి పెరిగి మధ్యాహ్నానికల్లా సర్వర్ పడిపోయేది.

అబ్బయ్యా, కీబేస్‌ని ఎన్ని థ్రెడ్లయినా పంచుకోవచ్చు. పంచుకోకూడనిది కీసెషన్ (ఒక్కో లెక్కకి ఆ రూల్స్‌ని నడిపేది), దాన్ని పుట్టించడానికి పెద్ద ఖర్చు కాదు, పని అయ్యాక డిస్పోజ్ అని పిలిస్తే చాలు. నెల్లూరులో పెళ్లికి చేపల పులుసు ఒక్క గుండిగలో కాస్తారు, విస్తరికో పొయ్యి వెలిగించరు. క్లాస్‌పాత్ కంటైనర్‌ని "గెట్" అని అడిగితే ఉన్నదే ఇస్తుంది, "న్యూ" అంటే ప్రతిసారీ కొత్తది కడుతుంది. మా ఫిక్స్‌లో సగం ఆ ఒక్క పదం మార్చడమే. మిగతా సగం, సర్వర్ లేవగానే ఒకసారి కీబేస్‌ని అడిగి పెట్టుకోవడం. అది మొదటిసారి అడిగినప్పుడే తయారవుతుంది కాబట్టి, లేకపోతే పొద్దున్నే వచ్చిన మొదటి కస్టమర్ నెత్తిన ఆ భారం పడుతుంది.

ఇఫ్-ఎల్స్ పాయింట్ చూసి నవ్వుకుందామనే కూర్చున్నా. తీరా ఆ రొయ్యల అప్లికేషన్‌లో రూల్స్ లెక్కపెడితే పదకొండు, రేట్లేమో టేబుల్లో ఉన్నాయి, ఏడాదిగా ఒక్క రూల్ కూడా మారలేదు. దానికి ఇంజిన్ ఎందుకు పెట్టారో నాకూ అర్థం కాలేదు. కాబట్టి ఆ నాలుగోది ఒప్పుకుంటున్నా. ఫార్వర్డ్ చేసి తీరాల్సిందే అనుకుంటే అదొక్కటే ఉంచి, మిగతా మూడూ కొట్టేసి పంపండి.