బ్యాండ్‌సా వంకరగా కోస్తోందా? వైస్ జోలికి అప్పుడే వెళ్లకండి

ఇనుము కోసే బ్యాండ్‌సాతో, అంటే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడ్ ఉన్న రంపంతో, తంటాలు పడేవాళ్లందరూ దాదాపు ఒకే తప్పు చేస్తారు. ముక్క తెగి పడగానే మూలమట్టం పెట్టి చూస్తారు, సందులోంచి వెలుతురు కనిపిస్తుంది, వెంటనే పాన తీసుకుని, కడ్డీని పట్టి ఉంచే వైస్ బోల్టులు వదులు చేస్తారు. నేనూ అదే చేశాను. ఒక సాయంత్రమంతా ఆ రెండు బోల్టులతో కుస్తీ పట్టి, చివరికి ముక్క స్క్వేర్‌గా తెగేలా చేసి, ఏదో ఘనకార్యం సాధించినట్టు పడుకున్నాను. నెల తర్వాత బ్లేడ్ అరిగిపోతే కొత్తది వేశాను, కోత ఈసారి అవతలి పక్కకు వంకర పోయింది. అప్పుడు గానీ నేను చేసిన పనేమిటో అర్థం కాలేదు. తప్పు బ్లేడ్‌లో ఉంటే, వైస్‌ను దానికి సరిపడా వంకరగా బిగించాను, అంతే.

నా వాదన ఒక్కటే. మెషిన్ మీద చెయ్యి వేసే ముందు తెగిన ముక్కను చదవాలి. వంకర ఎటు ఉందో, ఎలాంటి వంకరో ఆ ముక్కే చెబుతుంది. కాకపోతే చాలామంది దాన్ని తప్పుగా కొలుస్తారు. కడ్డీని తిప్పకుండా ముందుకు జరిపి రెండో కోత కోసి, మధ్యలో వచ్చిన బిళ్లను కాలిపర్‌తో కొలిచి, అన్ని వైపులా ఒకే మందం ఉంది కాబట్టి కోత సరిగ్గా ఉందనుకుంటారు. రెండు కోతలూ ఒకే కోణంలో వంకరగా పోయినా ఆ బిళ్ల మందం సమానంగానే వస్తుంది కదా! అలా కాకుండా ఎదురెదురు ముఖాలు సమాంతరంగా ఉన్న 50 మి.మీ. చదరపు కడ్డీ తీసుకుని, పై ముఖం మీదా, వైస్‌లో కదలని జా (కడ్డీని పట్టే దవడ) వైపు ముఖం మీదా మార్కర్‌తో గుర్తు పెట్టి ఒక కోత కోయండి. తర్వాత కడ్డీని దాని పొడవు చుట్టూ సగం తిప్పి, అంటే పై ముఖం కిందికి వచ్చేలా పెట్టి, సన్నటి బిళ్ల ఒకటి కోయండి. ఇప్పుడు తప్పు రెండింతలై కనిపిస్తుంది. బిళ్ల ఒక అంచున 6 మి.మీ., ఎదుటి అంచున 6.8 వచ్చిందనుకుందాం. అసలు తప్పు అందులో సగం, 50 మి.మీ.కు 0.4, దగ్గర దగ్గర అర డిగ్రీ. తేడా పై నుంచి కిందికి ఉంటే బ్లేడ్ వాలిందని, పక్క నుంచి పక్కకు ఉంటే అప్పుడు వైస్‌ను అనుమానించాలని అర్థం. అన్నిటికంటే ముందు ఆ కోసిన ముఖం మీద స్కేల్ అంచు నిలబెట్టి చూడండి. అది చదునుగా లేక పొట్ట వచ్చినట్టు వంపు తిరిగి ఉంటే మిగతా కొలతలన్నీ పక్కన పెట్టేయొచ్చు. కోసేటప్పుడు బ్లేడ్ వంగుతోంది. వంగే బ్లేడ్‌తో ఏ సెట్టింగూ నిలవదు.

బ్లేడ్ ఎందుకు వంగుతుంది? ఎక్కువసార్లు మనమే వంచుతాం. అంగుళానికి 14 పళ్ల బ్లేడ్‌తో ఆ 50 మి.మీ. కడ్డీని కోస్తే ఒకేసారి 27, 28 పళ్లు ఇనుములో ఉంటాయి. పళ్ల మధ్య ఖాళీలు రజనుతో నిండిపోతాయి, కోత ముందుకు కదలదు, మనకు ఓపిక ఉండదు, చేత్తో నొక్కుతాం. ఇంకేముంది, బ్లేడ్ తనకు తేలికైన దారి వెతుక్కుంటుంది. అదే కడ్డీకి 6 పళ్ల బ్లేడ్ వేస్తే 12 పళ్లు పనిచేస్తాయి, హాయిగా తెగుతుంది. కోతలో కనీసం 3 పళ్లు ఉండాలన్న నియమం అందరికీ తెలుసు గానీ, మరీ ఎక్కువైనా ముప్పేనన్నది ఎవరూ పట్టించుకోరు. ఫీడ్ (బ్లేడ్ ఇనుములోకి దిగే వేగం) సంగతి రజనే చెబుతుంది. వెండిలా మెరుస్తూ చిన్న చిన్న చుట్టలుగా పడితే సరే, పొడిలా రాలితే ఫీడ్ చాలడం లేదు, నీలిరంగు తిరిగి మందంగా పడితే మితిమీరింది.

టెన్షన్, అంటే బ్లేడ్ బిగువు, దగ్గర అందరిదీ అంచనా వ్యవహారమే. వేలితో మీటి చూసి బాగుందనేస్తారు. బైమెటల్ (రెండు రకాల ఉక్కు కలిపి చేసిన) బ్లేడ్లకు మామూలుగా 20 వేల నుంచి 30 వేల పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) దాకా కావాలి. కొలవడానికి గేజ్ కొనక్కర్లేదు. బ్లేడ్ వదులుగా ఉన్నప్పుడే కాలిపర్ దవడలు రెండింటినీ 125 మి.మీ. దూరంలో చిన్న క్లాంపులతో బ్లేడ్‌కు బిగించి, టెన్షన్ మర తిప్పుతూ పోతే, కాలిపర్ అంకె సుమారు 0.09 మి.మీ. పెరిగేసరికి 20 వేలకు చేరినట్టు. ఉక్కు సాగే గుణాన్ని బట్టి వేసిన లెక్క ఇది. చిన్న మెషిన్ల ఫ్రేములు అంత దూరం వెళ్లకముందే మూలగడం మొదలుపెడతాయి, అది వేరే సంగతి. ఇక పళ్లు ఒక పక్క మాత్రమే మొద్దుబారిన బ్లేడ్ పదునున్న పక్కకే లాగుతుంది, ఎంత టెన్షన్ ఇచ్చినా సరే. దాన్ని బాగుచేసే ప్రయత్నం వద్దు, తీసి పారేయండి. కొత్త బ్లేడ్‌ను మొదటి కొన్ని కోతల్లో తక్కువ ఫీడ్‌తో నడిపిస్తే పళ్లు సర్దుకుంటాయి.

ఇప్పుడు గైడ్లు, అంటే కోత దగ్గర బ్లేడ్‌ను రెండు పక్కలా పట్టి ఉంచే బేరింగులు. అసలు చిక్కంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అడ్డంగా ఉండే బ్యాండ్‌సాలో చక్రాల మీద ఏటవాలుగా నడిచే బ్లేడ్‌ను ఈ గైడ్ బేరింగులే మెలితిప్పి నిటారుగా నిలబెడతాయి. మెలిక కొంచెం తగ్గినా పెరిగినా బ్లేడ్ వాలుతుంది, వాలిన వైపే కోత పోతుంది. మూలమట్టం పెట్టి చూసుకోమని అందరూ చెబుతారు గానీ, అర అంగుళం బ్లేడ్ మీద పళ్లు వదిలేస్తే మనకు దొరికే చోటు 10 మి.మీ. మాత్రమే. అంత చిన్న చోట 0.05 మి.మీ. తేడా కంటికి ఆనదు, కానీ అది పావు డిగ్రీ పైమాటే. పైగా పక్కలకు వంచి ఉండే పళ్లకు మట్టం తగిలిందంటే ఆ కొలత అసలే పనికిరాదు.

ఇంకో మెలిక ఉంది. బ్లేడ్ నిటారుగా ఉన్నా, దాన్ని మోసే ఆర్మ్ నిటారుగా దిగకపోవచ్చు. ఆర్మ్ తిరిగే పిన్ను అరిగినా, బేస్‌కు సమాంతరంగా లేకపోయినా అది పక్కకు జరుగుతూ దిగుతుంది. బ్లేడ్ ఒక దారి, ఆర్మ్ ఒక దారి అయితే కోత ఆ రెండింటి మధ్య ఎక్కడో పడుతుంది, ఎక్కడన్నది ఫీడ్‌ను బట్టి మారుతుంది. నిన్న బాగా కోసిన మెషిన్ ఇవాళ వంకర పోయిందని తలపట్టుకునేది ఇలాంటప్పుడే. వైస్‌లో మంచి మూలమట్టం ఒకటి నిలువుగా బిగించి, ఆర్మ్‌కు డయల్ గేజ్ (చిన్న కదలికను ముల్లుతో చూపే పరికరం) తగిలించి, దాని మొన ఆ మట్టానికి ఆనేలా పెట్టి పైనుంచి కిందికి దింపండి. ముల్లు కదిలితే ముందు ఆ పిన్ను సంగతి చూడాలి. గైడ్ల మధ్య దూరం వైస్ ఒప్పుకున్నంత తక్కువ ఉండాలి. బేరింగులు బ్లేడ్‌ను తాకాలి, నొక్కిపట్టకూడదు.

ఇవన్నీ అయ్యాకే వైస్. బేస్ మీద చెక్కిన డిగ్రీల గీతలను నేను నమ్మను, టెన్షన్‌లో ఉన్న బ్లేడ్ నుంచి కదలని జాకు మూలమట్టం పెట్టి చూస్తాను, బోల్టులు పూర్తిగా బిగించాక మళ్లీ చూస్తాను, ఎందుకంటే ఆఖరి పావు చుట్టులోనే జా జరుగుతుంది. పొట్టి ముక్క పట్టుకునేటప్పుడు కదిలే జా ఒక పక్కకు ఒరిగి ముక్కను తిప్పేస్తుంది, రెండో చివర అంతే మందం ఉన్న తునక పెడితే ఆ గొడవ ఉండదు.

నా మెషిన్ ఇప్పుడు 50 మి.మీ. కడ్డీ మీద 0.15 మి.మీ. తేడాతో కోస్తోంది. వెల్డింగ్ చేసే ఫ్రేముకు అది చాలా ఎక్కువ కచ్చితత్వం, లేత్ మీదికి వెళ్లే ముక్కకైతే ఎలాగూ లేత్‌లోనే ముఖం చదును చేస్తాను. ఇంతకంటే తగ్గించాలంటే ఆ పాత పిన్ను మార్చాలి. కొత్తది టర్నింగ్ చేయడానికి కడ్డీ అయితే కోసి పెట్టుకున్నాను.