భరణం కేసులో షెడ్యూలు లేదు, ప్లాటు అన్న పేరిట మారింది

కర్నూలు ఫ్యామిలీ కోర్టులో ఒకామె భరణానికి కేసు వేసిందనుకుందాం. భర్తకు నోటీసు అందిన నెలలోపే కల్లూరు వైపున్న అతని ప్లాటు అన్న పేరిట దాన సెటిల్‌మెంటుగా రిజిస్టరవుతుంది. కేసు పెండింగులో ఉండగా ఆ రిజిస్ట్రేషన్ ఎట్లా నిలుస్తుందని ఆమె పుట్టింటివాళ్లు అడుగుతారు. నిలుస్తుంది. ఎందుకంటే ఆ కేసులో ప్లాటు ఊసే లేదు.

ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52 కేసు నడిచేటప్పుడు జరిగిన బదిలీని రద్దు చేయదు, తీసుకున్నవాడిని తుది తీర్పుకు కట్టేస్తుంది. అదీ ఆ స్థిరాస్తిపై హక్కు ఆ కేసులో నేరుగా తేలవలసి ఉన్నప్పుడే. నెలకు ఇంత ఇప్పించండి అని మాత్రమే అడిగితే ఏ ఆస్తీ అందులోకి రాదు. కాబట్టి పిటిషన్‌లోనే ఫలానా ఆస్తిపై భరణానికి చార్జి, అంటే ఆ బాకీకి ఆ ఆస్తి పూచీగా ఉండేటట్టు ఉత్తర్వు, కోరాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపులా చెక్కుబందీ, దస్తావేజు నంబరు, సంవత్సరం రాసి షెడ్యూలు జతచేయాలి. సబ్‌డివిజన్ నంబరు ఒక్కటి తప్పినా అవతలి వకీలు దాన్నే పట్టుకుంటాడు.

రెండో పొరపాటు అన్నను పార్టీగా చేర్చకపోవడం. భర్త మీదే ఇంజంక్షన్ (ఆస్తిని అమ్మకుండా ఆపే కోర్టు ఉత్తర్వు) తెచ్చుకుంటే, ప్లాటు చేతిలో ఉన్న అన్నకు అది అడ్డు కాదు. మర్నాడే ఇంకొకరికి అమ్మేయగలడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 1 రూల్ 10 కింద ఆయన్ని చేర్చి, ఆయన మీద కూడా ఇంజంక్షన్ కోరుతూ ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేయాలి. అప్పుడు ‘మూడో మనిషి ఉన్నాడు, సివిల్ కోర్టుకు పోండి’ అనే అభ్యంతరం తప్పక వస్తుంది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 7 వివరణలో (సి) దంపతుల మధ్య ఆస్తి దావా అంటుంది. (డి)లో ‘దంపతుల మధ్య’ అన్న మాట లేదు, వైవాహిక సంబంధం నుంచి పుట్టిన పరిస్థితుల్లో కోరే ఇంజంక్షన్ అని ఉంది. దీనిపై హైకోర్టులన్నీ ఒకే దారిలో లేవు. కాపురం గొడవ వల్లే ఆస్తి చేతులు మారిందని కాగితాల్లో కనబడుతున్నప్పుడు, భరణం కూడా అందని మనిషిని రెండు కోర్టుల చుట్టూ తిప్పడం అన్యాయం. దానంగా పోయిన ఆస్తి విషయంలో ఆమెకు కొంత బలం ఉంది. ఆస్తి ఆదాయం నుంచి భరణం పొందే హక్కు ఉంటే, ఉచితంగా తీసుకున్నవాడి మీద కూడా దాన్ని అమలు చేసుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 39 చెబుతుంది.

నోటీసు లేకుండా ఇంజంక్షన్ వచ్చాక పని అయిపోయిందని కూర్చోవద్దు. సీపీసీ ఆర్డర్ 39 రూల్ 3 ప్రకారం పిటిషన్, అఫిడవిట్, డాక్యుమెంట్ల నకళ్లు వెంటనే అవతలివాళ్లకు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అదే రోజు లేదా మర్నాడు ఆ సంగతి అఫిడవిట్‌గా దాఖలు చేయాలి. చాలా ఇంజంక్షన్లకు ఇక్కడే గండి పడుతుంది.

తీర్పు రాకముందే ఆస్తిని జప్తు చేయమని కోరితే మూడో మనిషి కథ మారుతుంది. సీపీసీ ఆర్డర్ 38 రూల్ 10 ప్రకారం, కేసులో లేనివాళ్లకు జప్తుకు ముందే ఉన్న హక్కులు చెక్కుచెదరవు. అందుకే పాత తేదీ వేసిన అమ్మకపు అగ్రిమెంట్లు పుట్టుకొస్తాయి. అప్పుడు ఆ స్టాంపు పేపరును నిదానంగా చూడాలి. అమ్మిన తేదీ, సీరియల్ నంబరు, ఎవరి పేరున, ఎవరి కొరకు, వెండర్ లైసెన్సు నంబరు అన్నీ దానిమీదే ఉంటాయి. అనుమానముంటే వెండర్ రిజిస్టరును కోర్టుకు తెప్పించమని అడగాలి. అడ్వాన్సు బ్యాంకు ద్వారా వెళ్లిందా? స్వాధీనం ఇచ్చామని రాసుకుంటే, మన రాష్ట్రంలో అమ్మకానికి కట్టే స్టాంపు డ్యూటీ దానికీ కట్టాలి. అది కట్టని కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

నిజంగా డబ్బు పోసి కొన్నవాడి బాధ వేరు. అతడు అదే ఆర్డర్ 38లోని రూల్ 8 కింద క్లెయిమ్ పిటిషన్ వేసి రిజిస్టర్డ్ దస్తావేజు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఇంటిపన్ను రసీదులు పెట్టాలి. ఆలస్యం చేస్తే నష్టం అతడిదే, ఎందుకంటే మధ్యంతర ఉత్తర్వుపై ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 19 అప్పీలు ఇవ్వదు. ఇక మిగిలేది రాజ్యాంగం 227 అధికరణం కింద అమరావతిలోని హైకోర్టు. అనంతపురం, కడపల నుంచి అది ఎంత దూరమో తెలిసిందే.

కొనేవాళ్లు ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) చూసుకున్నాం కదా అనుకోవడానికి లేదు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, పెండింగు కేసు కనిపించదు. తెలియక కొన్నాననే మాట సెక్షన్ 52 ముందు పనికిరాదు. అమ్మేవాడి భార్య సాక్షి సంతకానికి ఎందుకు రావడం లేదో అడ్వాన్సు ఇవ్వకముందే కనుక్కోవాలి.