ఉమ్మడి సైన్యానికి ఆజ్ఞ ఎవరిది?

అమెరికా అండ ఎంతకాలం ఉంటుందోనన్న బెంగ పుట్టినప్పుడల్లా ఐరోపాలో ఒక పాత ఆలోచన మళ్లీ తలెత్తుతుంది. ‘అసలైన ఐరోపా సైన్యం’ కావాలని 2018 నవంబరులో ఫ్రాన్స్ అధ్యక్షుడు మెక్రాన్ అన్నారు. ఆ వెంటనే జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్ ఐరోపా పార్లమెంటులో దానికి వంత పాడారు. 2025 ఫిబ్రవరిలో మ్యూనిక్ భద్రతా సదస్సులో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ అదే కోరికను మరింత గట్టిగా వినిపించారు. ఈ మాట ఐరోపాకే పరిమితం కాలేదు. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సాహెల్ ప్రాంతంలో మాలి, బుర్కినా ఫాసో, నైజర్ సైనిక పాలకులు 2023లో కూటమి కట్టారు. అయిదు వేల మందితో ఉమ్మడి బలగాన్ని దింపుతామని ఆ తర్వాత ప్రకటించారు. పొరుగు దేశాలు తుపాకులు, ట్యాంకులు, శిక్షణ కేంద్రాలు పంచుకోగలవు. సైనికులను సైతం ఒకరి కింద ఒకరు ఉంచగలవు. ఇందుకు కావలసినన్ని దాఖలాలు ఉన్నాయి. ‘కదలండి’ అన్న ఆజ్ఞ దగ్గరే వ్యవహారం బెడిసికొడుతోంది.

ఈ ప్రయత్నాల్లో అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా విచిత్రంగా ముగిసింది కూడా, ఐరోపా రక్షణ సమాజం. కొరియా యుద్ధం మొదలైన వేళ పశ్చిమ జర్మనీని తిరిగి ఆయుధాలు పట్టనివ్వాలని అమెరికా ఒత్తిడి తెచ్చింది. నాజీల ఆక్రమణ నుంచి బయటపడి ఆరేళ్లయినా నిండని ఫ్రాన్స్‌కు అది మింగుడుపడలేదు. జర్మనీకి సొంత సైన్యం లేకుండానే జర్మన్ సైనికులు ఉండే మార్గంగా 1950 అక్టోబరులో ఫ్రెంచి ప్రధాని రెనే ప్లెవెన్ ఉమ్మడి సైన్యాన్ని ప్రతిపాదించారు. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ 1952 మే 27న పారిస్‌లో ఒప్పందంపై సంతకాలు చేశాయి. పశ్చిమ జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ చట్టసభలు దానికి ఆమోదముద్ర కూడా వేశాయి. 1954 ఆగస్టు 30న దాన్ని పాతిపెట్టింది మాత్రం ఆలోచనకు పుట్టినిల్లయిన ఫ్రాన్స్ జాతీయ సభే. ఒప్పందంలోని మంచిచెడ్డల మీద నేరుగా ఓటింగైనా జరగలేదు. చర్చను పక్కన పెట్టాలన్న తీర్మానం 319–264 ఓట్లతో నెగ్గింది. అంతే, కథ ముగిసింది. ఒకరి ముఖం ఒకరు చూడని జాతీయవాద నేత డీగాల్ వర్గీయులు, కమ్యూనిస్టులు ఆ రోజు ఒకే వైపు నిలిచారు. ఫ్రెంచి సైనికుడు పారిస్ ప్రభుత్వం కాక మరొకరు చెబితే యుద్ధానికి వెళ్లడం ఆ ఇద్దరికీ సమ్మతం కాలేదు. తొమ్మిది నెలలకల్లా పశ్చిమ జర్మనీ నేరుగా నాటోలో చేరింది. ఏ జర్మన్ సైన్యం రాకూడదని ఫ్రాన్స్ ఇంత పథకం వేసిందో, ఆ సైన్యమే వచ్చింది.

ఇది డెబ్భై ఏళ్ల నాటి మాట, యుద్ధ గాయాలు పచ్చిగా ఉన్న రోజులు అనవచ్చు. అయితే గాయాలు మానాక పుట్టిన ఫ్రాంకో–జర్మన్ బ్రిగేడ్‌ను చూద్దాం. 1989లో ఏర్పడిన ఈ దళానికి జర్మనీలోని ముల్‌హైమ్ కేంద్రం. రెండు దేశాల అధికారులు ఒకే కార్యాలయంలో పనిచేస్తారు, కలిసే శిక్షణ పొందుతారు. 2018లో ఈ బ్రిగేడ్ సైనికులు మాలికి వెళ్లారు. అక్కడ ఫ్రెంచివారు ఉగ్రవాదులపై తమ దేశం అప్పట్లో సాగిస్తున్న ‘బర్ఖాన్’ పోరాటంలో దిగారు. జర్మన్లు ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో, ఐరోపా శిక్షణ బృందంలో చేరారు. ఒకే బ్రిగేడ్, ఒకే దేశపు ఇసుక నేల, రెండు రకాల యుద్ధ నియమాలు. కారణం వెదకడానికి దూరం పోనక్కర్లేదు. ఫ్రాన్స్ అధ్యక్షుడు సైన్యాన్ని పంపి, మూడు రోజుల్లోగా పార్లమెంటుకు తెలియజేస్తే చాలు. జోక్యం నాలుగు నెలలు దాటితేనే సభ అనుమతి కావాలి. జర్మనీలో అలా కుదరదు. సాయుధ దళాలను విదేశాలకు పంపాలంటే పార్లమెంటు సమ్మతి తప్పనిసరని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1994లో తేల్చి చెప్పింది. ఈ రెండు పద్ధతులూ ఆయా దేశాలు తమ చరిత్ర నుంచి నేర్చుకున్నవే. వాటిని ఒక కమాండర్ కలిపివేయలేడు.

ఐరోపా సమాఖ్య యుద్ధ బృందాలదీ ఇదే వరస. ఒక్కో బృందంలో సుమారు 1,500 మంది, వంతులవారీగా సిద్ధంగా ఉండే ఏర్పాటు 2007 నుంచి పూర్తిస్థాయిలో నడుస్తోంది. నాటి నుంచి సంక్షోభాలకు కొదవ లేదు, ఒక్క బృందాన్నీ రంగంలోకి దించింది లేదు. పంపాలంటే అన్ని ప్రభుత్వాలూ ఊ అనాలి. పైగా ఖర్చులో సింహభాగం ఆ వంతులో ఉన్న దేశాల నెత్తినే పడుతుంది. అలాంటప్పుడు ఎవరు ముందుకొస్తారు?

భాషే అసలు అడ్డంకి అనేవారున్నారు. ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యపు ఉమ్మడి సైన్యం పదికి పైగా భాషల వారితో, ఎనభై దాకా జర్మన్ ఆదేశ పదాలతో అర్ధశతాబ్దం నడిచింది. కాబట్టి ఆ సాకు అంతగా నిలవదు.

అసలు సాధ్యమైనవి ఏవో చూస్తే కొంత ఆశ కలుగుతుంది. బెల్జియం, నెదర్లాండ్స్ నౌకాదళాలు 1990ల మధ్య నుంచి నెదర్లాండ్స్ రేవు డెన్ హెల్డర్‌లోని ఒకే కమాండ్ కింద ఉన్నాయి. మందుపాతరలు ఏరే నౌకల బాగోగులు బెల్జియం చూస్తుంది, యుద్ధనౌకల నిర్వహణ నెదర్లాండ్స్ చూస్తుంది. నౌకను ఎక్కడికి పంపాలన్నది మాత్రం ఎవరి ప్రభుత్వం వారిదే. 2003లో ఇరాక్ యుద్ధాన్ని బెల్జియం వ్యతిరేకించింది, నెదర్లాండ్స్ రాజకీయంగా సమర్థించింది. అంతటి విభేదంలోనూ ఉమ్మడి కమాండ్ చెక్కుచెదరలేదు. నెదర్లాండ్స్ భూసేన పోరాట బ్రిగేడ్లు మూడూ నేడు జర్మన్ డివిజన్లలో భాగం. పొదుపు పేరుతో 2011లో ట్యాంకులన్నీ వదులుకున్న ఆ దేశం, ఉన్న నైపుణ్యం పోకుండా జర్మన్ ట్యాంకు బెటాలియన్‌లో తన సైనికులను ఉంచి, జర్మన్ ట్యాంకులనే అద్దెకు నడిపింది. ఇది మెచ్చుకోదగ్గ తెలివి. అదే దేశం 2025లో 46 లెపర్డ్ ట్యాంకులు తన పేరున కొనడానికి ఒప్పందం చేసుకుందన్న సంగతినీ మరిచిపోకూడదు. పంచుకోవడం మానలేదు, పొరుగువాడి దయ మీదే ఉండాలనీ అనుకోలేదు.

ఆజ్ఞ ఎక్కడ పుట్టాలో తేలకపోతే కాగితం మీది కూటములు ఎలా కూలతాయో గల్ఫ్ దేశాలు చూపాయి. 1980లలో ఏర్పడిన ‘ద్వీపకల్ప కవచం’ బలగం 1990లో కువైట్‌ను ఇరాక్ మింగేస్తుంటే ఆపలేకపోయింది. 2011లో అదే కవచం నిరసనకారులు వీధుల్లో ఉన్న బహ్రెయిన్‌లోకి వెళ్లింది, అక్కడి పాలకులకు అండగా. 2017లో ఆ కూటమిలోని సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్ కలిసి తోటి సభ్య దేశం ఖతార్‌ను దిగ్బంధించాయి. మన ఉపఖండంలోనూ ఈ ముచ్చట ఒకసారి జరిగింది. 1959లో పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ భారత్‌తో ఉమ్మడి రక్షణ ఏర్పాటును ప్రతిపాదిస్తే, ఎవరి నుంచి రక్షణ అని నెహ్రూ ఎదురు ప్రశ్న వేశారు. పాకిస్తాన్ అప్పటికే అమెరికా సైనిక కూటముల్లో ఉంది, భారత్‌ది అలీన విధానం. ఇద్దరి శత్రువూ ఒకరు కానప్పుడు సైన్యాన్ని కలపడం కుదరని పని. ఆ ప్రశ్న నేటి సాహెల్ కూటమికీ, ఐరోపాకీ వర్తిస్తుంది. రష్యా సరిహద్దున ఉన్న ఎస్టోనియాకూ, మధ్యధరా మీది వలసల గురించి తల పట్టుకున్న ఇటలీకీ ముప్పు ఒకటే కాదు. తటస్థ విధానం పాటిస్తున్న ఐర్లాండ్, ఆస్ట్రియాల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఐరోపా సమాఖ్యలో అణ్వస్త్రాలున్న దేశం ఫ్రాన్స్ ఒక్కటే. ఆ మీటను మరొకరి చేతికి ఇచ్చేది లేదని పారిస్ పదేపదే చెబుతోంది.

పార్లమెంట్ల అనుమతి పేరుతో జాప్యం జరుగుతోందని, దాన్ని పక్కన పెట్టి ఉమ్మడి కమాండ్‌కే నిర్ణయాధికారం ఇవ్వాలని కొందరు వ్యూహ నిపుణులు వాదిస్తున్నారు. మేము ఈ వాదనతో ఏకీభవించం. సాహెల్ దేశాల ముగ్గురు నేతలూ తిరుగుబాటుతో గద్దెనెక్కినవారే. అడ్డుచెప్పే చట్టసభ లేదు గనుక వారికి ఉమ్మడి బలగం తేలికగా కుదిరింది. ఆ తేలికదనాన్ని ప్రజాస్వామ్య దేశాలు కోరుకోనవసరం లేదు. సైనికుడి శవపేటిక ఇంటికి చేరినప్పుడు జవాబు చెప్పవలసినవాడు ఓటుతో దించగలిగినవాడై ఉండాలి.

జాప్యం మాత్రం నిజమే, దాన్ని తగ్గించే దారులున్నాయి. సైన్యాలను కలపాలనుకునే పొరుగువారు ముందు తమ అనుమతి చట్టాలను సరిపోల్చుకోవాలి. ఉమ్మడి దళాన్ని పంపమన్న వినతికి ఇన్ని గంటల్లో అవునో కాదో చెప్పి తీరాలని ప్రతి సభా తనకు తాను గడువు విధించుకోవాలి. ఖర్చు వంతులో ఉన్న దేశాల మీద పడకుండా ఉమ్మడి నిధి నుంచి రావాలి. అన్నిటికన్నా ముందు, ఒకరు కాదంటే ఏమవుతుందో ఒప్పందంలోనే రాసుకోవాలి. 2011లో లిబియా విషయంలో విభేదించిన జర్మనీ, నాటో నిఘా విమానాల నుంచి తన సిబ్బందిని వెనక్కి పిలిచింది. మిగిలిన దేశాల వారు వాటిని నడుపుకోవలసి వచ్చింది. వైదొలగే దేశం తన మనుషులను తీసుకుపోవచ్చు. విమానాలు, విడిభాగాలు, మరమ్మతు కేంద్రాలు మాత్రం మిగతావారికి అందుబాటులో ఉండాలన్న నిబంధన లేని ఒప్పందంపై ఏ పొరుగు దేశమూ సంతకం చేయకూడదు.