వేరియబుల్‌కు గుర్తింపు కార్డు ఇప్పించండి

1972లో ఫ్రాన్సులోని మార్సెయిల్‌లో అలెన్ కోల్మెరోయర్, ఫిలిప్ రూసెల్ ప్రోలాగ్ అనే తర్కాధారిత ప్రోగ్రామింగ్ భాషను పుట్టించినప్పుడు అందులోని సమాచారపు ముక్కలైన టర్మ్‌లకు ఒక హోదా కల్పించాలన్న ఆలోచనే చేయలేదు. ఉత్త పేరైన ఆటమ్, సంఖ్య, విలువ ఇంకా తేలని వేరియబుల్, వీటితో కట్టిన కాంపౌండ్. ఇంటిల్లిపాదీ ఇంతే. క్లాసు లేదు, కన్‌స్ట్రక్టర్ లేదు, ప్రైవేటు అని చెప్పుకోవడానికి పిడికెడు ఆస్తి లేదు. ఇంత అన్యాయం కళ్ల ముందు జరుగుతుంటే జావా ప్రోగ్రామర్లు ఊరుకోగలరా? అందుకే జావాలో ప్రోలాగ్ ఇంజన్ (ప్రోలాగ్‌ను నడిపే ప్రోగ్రాము) రాయబోయే వాళ్లంతా మొట్టమొదట టర్మ్‌లను ఆబ్జెక్టులుగా చేసి గౌరవిస్తారు.

ఈ గౌరవం ఖరీదెంతో ఒక చిన్న టర్మ్‌తో లెక్క కట్టుకోవచ్చు: తండ్రి(దశరథుడు, రాముడు). డేవిడ్ వారెన్ 1983లో ప్రోలాగ్ కోసం ప్రకటించిన ఊహాయంత్రం తరహాలో దీనికి మెమరీలో మూడు గళ్లు చాలు. ఒకటి ఫంక్టర్‌కు, అంటే తండ్రి అన్న పేరుకు, రెండు లోపలి ఆర్గ్యుమెంట్లకు. 64 బిట్లలో అది 24 బైట్లు. జావాలో అయితే మర్యాదలు వేరు. కాంపౌండ్ ఆబ్జెక్టుకు హెడర్ (జావా సొంత లెక్కల చోటు) 12 బైట్లు, పేరుకొకటి, అర్రేకొకటి చొప్పున రెండు రిఫరెన్సులకు (చిరునామాలకు) 8, ఎనిమిది గుణిజానికి పెంచితే మొత్తం 24. ఆ అర్రేకు హెడర్, పొడవు కలిపి 16, లోపల రెండు రిఫరెన్సులు 8, అది ఇంకో 24. వెరసి 48, అదీ రిఫరెన్సులను కుదించి దాచే సదుపాయం ఉన్నప్పటి మాట. ఇల్లు ఎంతో ప్రహరీగోడా అంతే. మర్యాదస్తుల ఇల్లు అలాగే ఉంటుంది మరి.

అయితే మన ప్రోగ్రామర్ల అసలు ప్రతిభ గుర్తింపు కార్డులు పంచే దగ్గర బయటపడుతుంది. ప్రోలాగ్‌లో ఆటమ్‌కు పేరే సర్వస్వం. ప్రోగ్రాములో వందచోట్ల రాముడు అని రాసినా రాముడు ఒక్కడే. వేరియబుల్ దీనికి సరిగ్గా తలకిందులు. దాని పేరు చదివేవాళ్ల సౌకర్యానికే. అది ఏ వేరియబుల్ అన్నదే అసలు సంగతి. కనుక ఆటమ్‌లను ఒక పట్టికలో ఉంచి పేరుకొక్కటే ఆబ్జెక్టు ఇవ్వాలి, వేరియబుల్‌ను ఆబ్జెక్టు చిరునామాతోనే పోల్చాలి. ఆచారం మాత్రం వేరుగా ఉంది. కనబడిన ప్రతి రాముడికీ కొత్త ఆబ్జెక్టు కట్టి, ఒకే ఆబ్జెక్టా అని మాత్రమే చూసే రెండు సమాన గుర్తులతో పోల్చి, రాముడు రాముడు కాడని తీర్పు చెబుతారు. వేరియబుల్‌కేమో ఈక్వల్స్ అనే పోలిక పద్ధతి రాసి పేరును బట్టి పోలుస్తారు.

ఆ తీర్పు ఏ వంశానికి చుట్టుకుంటుందో చూడండి. (తెలుగులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అన్న తేడా లేదు. కాబట్టి ప్రోలాగ్ మన పేర్లన్నిటినీ ఆటమ్‌లనే అనుకుంటుంది. వేరియబుల్ కావాలంటే ముందు అండర్‌స్కోర్ తగిలించాలి.) తండ్రీ పూర్వీకుడే అన్నది మొదటి నియమం (:- గుర్తును ‘ఎప్పుడంటే’ అని చదువుకోండి): పూర్వీకుడు(_అ, _ఇ) :- తండ్రి(_అ, _ఇ). తరాలు దాటించే రెండో నియమం ఇది: పూర్వీకుడు(_అ, _ఇ) :- తండ్రి(_అ, _మ), పూర్వీకుడు(_మ, _ఇ). కుశుడికి దశరథుడు పూర్వీకుడేనా అని అడిగితే మొదటి మెట్టులో _అ దశరథుడవుతాడు, _మ రాముడవుతాడు. రెండో మెట్టులో మళ్లీ పూర్వీకుడు నియమాన్నే వాడాలి, అక్కడ _అ రాముడు కావాలి. కానీ పేరే గుర్తింపు కనుక _అ ఇప్పటికే దశరథుడు. సూర్యవంశం ఒక్క తరంతో సరి. నియమాన్ని వాడిన ప్రతిసారీ అందులోని వేరియబుళ్లన్నిటినీ కొత్తగా కాపీ చేసుకోవాలన్న చిన్న పని ఎగ్గొట్టినందుకు ఇంత పెద్ద వారసత్వ వివాదం.

తరం దాటకపోయినా తప్పించుకోలేరు. తండ్రి(దశరథుడు, _కొడుకు) అని అడిగితే మొదటి జవాబు రాముడు. సెమికోలన్ నొక్కి ఇంకెవరని అడిగితే భరతుడు రావాలి. అలా రావాలంటే రాముణ్ణి _కొడుకు నుంచి ముందు విడదీయాలి. పద్ధతి కష్టమేమీ కాదు. వేరియబుల్‌కు విలువ కట్టినప్పుడల్లా ఆ వేరియబుల్‌ను ట్రెయిల్ అనే స్టాక్‌లో వేయాలి. ప్రత్యామ్నాయం మిగిలి ఉన్న ప్రతిచోటా, అంటే ప్రతి ఎంపిక బిందువు దగ్గరా, ట్రెయిల్ ఎత్తు రాసిపెట్టుకోవాలి. ఓడిపోయి వెనక్కొస్తే ఆ ఎత్తు దాకా ఒక్కొక్కటే తీసి, దాని రిఫరెన్సును నల్ (ఖాళీ) చేయాలి. ఎంపిక బిందువు తర్వాత పుట్టిన వేరియబుళ్లను ట్రెయిల్‌లో వేయకపోయినా పర్వాలేదు, పాతవాటిని మాత్రం వదలకూడదు. విలువ కట్టే సెట్టర్ ఒక్కటే రాసి చేతులు దులుపుకున్న ఇంజన్‌లో రాముడు విడిపోడు, భరతుడు రాముడితో యూనిఫై కాడు (సరిపోలడు), ఫాల్స్ అని జవాబొస్తుంది. అంత ఖర్చుపెట్టి చేసిన పుత్రకామేష్టికి ఒక్కడే కొడుకు!

ట్రెయిల్ బెడద వద్దనుకునేవాళ్లు టర్మ్‌లను మార్చకుండా విలువలన్నీ వేరే మ్యాప్‌లో (తాళంచెవికొక విలువ జతచేసే పట్టికలో) పెట్టుకుంటారు. మంచిదే. కానీ ప్రతి మలుపులో హ్యాష్‌మ్యాప్ మొత్తాన్ని కాపీ చేస్తే ఆ మంచితనం మెమరీకి భారం. ఇంకొందరు వేరియబుల్‌లోనే విలువ పెట్టి, పట్టికలో చోటు చెప్పే సంఖ్య అయిన హ్యాష్‌కోడ్‌ను ఆ విలువతో లెక్కించి, ఆ వేరియబుల్‌నే హ్యాష్‌మ్యాప్‌కు తాళంచెవిగా ఇస్తారు. విలువ మారగానే తాళంచెవి ఆకారమూ మారుతుంది. పెట్టె అక్కడే ఉంటుంది, తెరుచుకోదు.

వేరియబుల్ ఇంకో వేరియబుల్‌ను చూపిస్తూ గొలుసు కట్టినప్పుడు దాని చివరిదాకా వెళ్లడమే డీరిఫరెన్సు. దీని గురించి రెండే ముక్కలు. యూనిఫై చేసే ముందు రెండు వైపులా గొలుసు చివరిదాకా వెళ్లాలి. రెండూ ఒకే వేరియబుల్ అయితే ఏమీ చేయకూడదు. ఇది మరిచిపోతే వేరియబుల్ తననే తాను చూపించుకుంటుంది, ఇంజన్ ఆ అద్దం ముందు నుంచి కదలదు. పొడవైన జాబితాల సంగతీ ఇలాంటిదే. లక్ష మూలకాల జాబితా అంటే లక్ష మెట్ల లోతున్న కాంపౌండ్. చివరి ఆర్గ్యుమెంటును లూప్‌లో నడపకుండా రికర్షన్‌కు (తనను తానే పిలుచుకునే పద్ధతికి) అప్పగిస్తే 64 బిట్ లైనక్స్‌లో జావా ఒక్కో థ్రెడ్‌కు మామూలుగా ఇచ్చే 1 ఎంబీ స్టాక్ సగం దారిలోనే చేతులెత్తేయవచ్చు.

లోతుకు అంతే లేని టర్మ్‌లు కూడా ఉన్నాయి. _అ = వ(_అ) అని రాస్తే మామూలు యూనిఫికేషన్ అభ్యంతరం చెప్పదు. వేరియబుల్ తన విలువలోనే ఉందా అని చూడాలంటే ప్రతిసారీ అవతలి టర్మ్ మొత్తం గాలించాలి, అంత ఓపిక ఎవరికుంది? ఇలా తన కడుపులో తానే ఉన్న టర్మ్ తయారవుతుంది. దాన్ని తప్పులు వెతికే డీబగ్గర్‌లో చూడబోతే అది మర్యాదగా, టర్మ్‌ను అక్షరాల్లో రాసిచ్చే టుస్ట్రింగ్‌ను పిలుస్తుంది. టుస్ట్రింగ్ లోపలి టర్మ్‌ను పిలుస్తుంది, ఆ లోపలిది మళ్లీ బయటిదే. చివరికి విలువ కనిపించాల్సిన చోట స్టాక్ ఓవర్‌ఫ్లో అన్న అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. పోనీలెండి, ఇన్నాళ్లకు ఆ వేరియబుల్ కార్డు మీద ఏదో ఒక పేరు అచ్చయింది.