అప్‌లోడ్‌తో తీరిపోయే పని కాదు

1926 ఏప్రిల్ 26న పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి నూరేళ్లు. ఉస్మానియాకు ఆ పండుగ 2017లోనే అయిపోయింది. శతాబ్ది వేడుకలన్నాక స్వాగత తోరణాలు, సావనీర్లు, పూర్వ విద్యార్థుల సెల్ఫీలు మామూలే. వాటిని తప్పుపట్టాల్సిన పని లేదు. మేం అడగదలచుకున్నది వేరే. ఇన్నేళ్లుగా మన విశ్వవిద్యాలయాల్లో జరిగిన పరిశోధన తాలూకు సరుకంతా ఇప్పుడు ఎక్కడుంది? నల్ల అట్ట మీద బంగారు రంగు అక్షరాలతో బైండు చేసిన సిద్ధాంత గ్రంథాల గురించి కాదు ఈ ప్రశ్న. వాటిని రాయడానికి ఊరూరా తిరిగి రికార్డు చేసిన పాటల టేపులు, సర్వే కార్డులు, ఫొటోలు, సముద్రంలోకి వెళ్లి తీసుకున్న కొలతల పుస్తకాలు, తాళపత్రాల నుంచి చేత్తో ఎత్తి రాసుకున్న నకళ్లు ఏమయ్యాయి?

సిద్ధాంత గ్రంథాల వరకూ చూస్తే పరిస్థితి ఒకప్పటికన్నా ఎంతో నయం. వేరే విశ్వవిద్యాలయంలో ఎవరో చేసిన పరిశోధన చూడాలంటే అప్పట్లో రైలెక్కి ఆ ఊరు వెళ్లాలి, లైబ్రరీలో పర్మిషన్ కోసం బతిమాలాలి, జిరాక్స్‌కు ఒప్పుకోకపోతే కూర్చుని చేత్తో రాసుకోవాలి. యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనలు, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగ కలిసి ఆ అవస్థ తప్పించాయి. డిగ్రీ ప్రకటించే ముందే సాఫ్ట్ కాపీ అక్కడికి చేరాలని 2016 నిబంధనలు తేల్చిచెప్పాయి. ఇవాళ ఆ భాండాగారంలో ఐదు లక్షలకు పైగా సిద్ధాంత గ్రంథాలున్నాయి. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా చదువుకోవచ్చు. మన దేశంలో ప్రభుత్వ సొమ్ముతో సక్రమంగా జరిగిన పనుల్లో ఇదొకటి.

అయితే అందులో ఒక తెలుగు థీసిస్ తెరిచి చూడండి. గ్రంథం ముక్కలు ముక్కలుగా ఉంటుంది: 01 టైటిల్, 02 ధ్రువపత్రాలు, ఆ తర్వాత అధ్యాయానికో ఫైలు, చివర 80 అంకెతో రికమండేషన్. అధ్యాయం తెరిస్తే చాలాసార్లు కనిపించేది పేజీకి తీసిన ఫొటో మాత్రమే. గొబ్బిపాటల మీద రాసిన అధ్యాయంలో గొబ్బి అని టైపు చేసి వెతకండి. ఆ మాట పేజీలో పదిసార్లు కళ్లెదుట కనిపిస్తున్నా కంప్యూటర్ మాత్రం లేదంటుంది. ఫొటో కాకుండా అసలు ఫైలే ఎక్కించినా పెద్ద తేడా ఉండదు. డీటీపీ సెంటర్‌లో పాతకాలపు ఫాంట్లతో కొట్టిన ఆ తెలుగు మన కంటికే తెలుగు, కంప్యూటర్‌కు పొంతన లేని ఇంగ్లిష్ గుర్తుల కుప్ప. ఇక శీర్షికలు ఇంగ్లిష్ లిపిలో ఎవరికి తోచిన స్పెల్లింగ్‌తో వాళ్లు రాస్తారు. దాంతో ఒకే కవి మీద వచ్చిన నాలుగు పరిశోధనలు నాలుగు చోట్ల దాక్కుంటాయి. ఇదే అంశం మీద పదేళ్ల కిందటే పని జరిగిందని కొత్త స్కాలర్‌కు తెలియదు, గైడుకూ తెలియదు. తెలిసినా తెలియనట్టు ఊరుకునేవాళ్ల సంగతి మరోసారి.

దీని విరుగుడుకు కోట్లు అక్కర్లేదు. ఏ కంప్యూటరైనా చదవగలిగే యూనికోడ్ అక్షరాల్లో ఇవ్వని తెలుగు సిద్ధాంత గ్రంథాన్ని తీసుకోబోమని విశ్వవిద్యాలయాలు ఒక్క సర్క్యులర్ ఇస్తే కొత్తవాటి సమస్య తీరుతుంది. పాతవాటికి, ఫొటోలోని అక్షరాలను గుర్తుపట్టి టైపులోకి మార్చే ఓసీఆర్ ఉంది. ఒత్తుల దగ్గర, అరసున్నల దగ్గర తడబడుతుంది కాబట్టి మనిషి ఒకసారి సరిచూడాలి. ఎం.ఏ. తెలుగు విద్యార్థులకు ఆ పనిని ప్రాజెక్టుగా ఇచ్చి మార్కులు వేస్తే, పాఠాన్ని సరిచూసి దిద్దే పరిష్కరణ విద్య కూడా వాళ్లకు పట్టుబడుతుంది.

అసలు నష్టం సిద్ధాంత గ్రంథంలోకి ఎక్కని సామగ్రి దగ్గర జరుగుతోంది. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త విజిటింగ్ ప్రొఫెసర్‌గా వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అక్కడి అధ్యాపకులతో, విద్యార్థులతో కలిసి బంగాళాఖాతంలో నీటి ఉష్ణోగ్రతలు, ప్రవాహాలు, అడుగు లోతులు కొలిచారు. ఆ పనిలోంచే మన దేశంలో విశ్వవిద్యాలయ స్థాయి సముద్ర శాస్త్రం చాలావరకు ఊపందుకుంది. మన తీరానికి ఎదురుగా సముద్రం అడుగున ఉన్న లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అనే పేర్లు లాఫాండే పెట్టారు. ఇందులో మహదేవన్ అంటే వాల్తేరులో భూగర్భ శాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దిన ఆచార్యుడు. వాల్తేరు బీచ్‌లో ఇసుక ఏ కాలంలో కోసుకుపోతుందో, ఏ కాలంలో తిరిగి పేరుకుంటుందో చెప్పే వ్యాసం విశ్వవిద్యాలయం ప్రచురించిన సంపుటిలో 1954లోనే వచ్చింది. ఇవాళ విశాఖ ఆర్కే బీచ్ కోత మీద ఎన్ని మీటింగులు జరుగుతున్నాయో, ఎంత ఇసుక తెచ్చి పోస్తున్నారో నగరవాసులకు చెప్పక్కర్లేదు. ఏడు దశాబ్దాల కిందటి తీరం ఎలా ఉండేదో నెలవారీ లెక్కలు చేతికి అందితే ఇంజనీర్లకు అంతకన్నా కావాల్సిందేముంది? అచ్చులో వచ్చినవి సగటులు, గీసిన రేఖాచిత్రాలే. వాటి వెనకున్న రోజువారీ కొలతల పుస్తకాలకే ఇప్పుడు ఎక్కువ విలువ. ఇలాంటి పుస్తకాలు ఏ విభాగంలో ఏ బీరువాలో ఉన్నాయో చెప్పే జాబితా తయారు చేయడం కన్నా శతాబ్ది ఏడాదిలో మంచి పని ఉంటుందనుకోం.

భాషా సాహిత్యాల వైపూ ఇదే కథ. జానపద గేయాల మీద బిరుదురాజు రామరాజు 1950ల్లోనే ఉస్మానియాలో పరిశోధన చేసి డాక్టరేటు అందుకున్నారు. ఆయన చూపిన దారిలో వందలమంది స్కాలర్లు పల్లెలకు వెళ్లారు. దంపుళ్ల పాటలు, ఒగ్గు కథలు, బుర్రకథలు, గోండు పాటలు రికార్డు చేశారు. సిద్ధాంత గ్రంథం అనుబంధంలో అచ్చయింది పాట మాత్రమే. పాడినామె గొంతు, మధ్యలో ఆగి చెప్పిన ముచ్చట, పక్కనుంచి అందుకున్న వంత క్యాసెట్‌లోనే ఉండిపోయాయి. క్యాసెట్ ఆయువు ఎంతో అందరికీ తెలుసు. తేమకు రీలు అతుక్కుపోతుంది, బూజు పడుతుంది, ఆడించే టేప్ రికార్డర్ రిపేరు చేసేవాడూ దొరకడు. చాలామంది స్కాలర్లు వైవా అయిపోయాక టేపులను ఇంట్లో అటక మీద పడేశారు. వాళ్లను తప్పుపట్టలేం, తెచ్చివ్వమని ఎవరూ అడగలేదు మరి.

భాషా శాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన మాండలిక వృత్తి పదకోశాల సంగతి చూడండి. 1962లో వ్యవసాయ పదాల సంపుటి వచ్చింది, 1971లో చేనేత సంపుటి. నాగలి భాగాలను ఏ జిల్లాలో ఏమంటారో రైతులను అడిగి రాసుకున్న పని అది. ట్రాక్టర్లు వచ్చాక ఆ నాగలే పోయింది. చెప్పిన రైతులూ లేరు. ఇలాంటి సర్వేల్లో పుస్తకానికి పనికొచ్చిన సమాచారం కొంత ఉంటే, కార్డుల మీదే ఉండిపోయింది దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అకాడమీలను కలిపి 1985లో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు వాటి వారసత్వం దానికే వచ్చింది. రాష్ట్రం విడిపోయాక ఆ విశ్వవిద్యాలయం విభజన చట్టం పదో షెడ్యూల్లో పడింది, పంపకాల పేచీ ఏళ్ల తరబడి సాగింది. భవనం ఒకరికే దక్కుతుంది, అసలు కార్డూ ఒకరి దగ్గరే ఉంటుంది. స్కాన్ చేసిన ప్రతి ఇద్దరి దగ్గరా ఉండొచ్చు. రెండు ప్రభుత్వాలకూ గొడవ పడే అవసరమే లేని ఆస్తి ఇదొక్కటే కాబోలు.

తాళపత్రాలది ఇంకొంచెం పాత సమస్య. తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థను దేవస్థానం 1939లో నెలకొల్పి, 1956లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి అప్పగించింది. తిరుమల భండారంలో రాగి రేకుల మీద నిద్రపోయిన అన్నమయ్య కీర్తనలను జనానికి చేర్చడంలో ఆ సంస్థలో పనిచేసిన వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మల పాత్ర ఎంతో ఉంది. శతాబ్దాలపాటు రేకులు భద్రంగానే ఉన్నాయి, చదివి పరిష్కరించే మనిషి కూర్చున్నాకే అవి పాటలయ్యాయి. మొన్నటి 2025-26 కేంద్ర బడ్జెట్‌లో జ్ఞాన భారతం పేరుతో కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి భద్రపరిచే పథకం ప్రకటించారు. సంతోషమే. నిమ్మగడ్డి నూనె రాసి, మసి పూసి, అక్షరం తేలేలా చేసి స్కాన్ చేసేవాళ్లు దొరుకుతారు. ఆ స్కాన్ చూసి పాత తెలుగు రాత చదవగలిగేవాళ్లు ఎంతమంది మిగిలారు? తాళపత్రం చదవడం నేర్పే పేపరు ఎన్ని తెలుగు శాఖల్లో ఉంది?

స్కాన్ చేసేస్తే చాలన్న భ్రమ మనకు కొత్తేం కాదు. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి చొరవతో పది లక్షల పుస్తకాల లక్ష్యంతో మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ముఖ్య కేంద్రం. వేలాది తెలుగు పుస్తకాలు అందులోకి ఎక్కాయి. పేర్లు తప్పుల తడకలు, పేజీలు తలకిందులు, అయినా అదొక పెన్నిధి. 2017 ప్రాంతంలో ఆ సైటు మూతపడింది. అప్పటికే ఔత్సాహికులు ఆ పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించారు కాబట్టి మనకు మిగిలాయి. మరోవైపు 1960ల తెలుగు పుస్తకాలు కొన్ని ఇక్కడ దొరక్కపోయినా షికాగోలోనో, మాడిసన్‌లోనో దొరుకుతాయి. మనకు పంపిన గోధుమలకు బాకీ కింద జమైన రూపాయలతో అమెరికా లైబ్రరీలు పీఎల్-480 పథకంతో 1962 నుంచి మన పుస్తకాలు కొని తీసుకెళ్లాయి. బ్రౌన్ నిఘంటువును ఇవాళ మనవాళ్లు ఫోన్‌లో షికాగో విశ్వవిద్యాలయం పెట్టిన సైటులోనూ వెతుక్కుంటున్నారు. వాళ్ల దగ్గర కేటలాగు రాసే మనిషికి పర్మనెంట్ ఉద్యోగం ఉంటుంది. ఇక్కడ ఆ పని ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్‌ది, అదీ జీతం వచ్చిన నెలల్లో. లైబ్రరీ పోస్టులు ఖాళీ అయితే అలాగే వదిలేస్తున్నారు. పాత రికార్డులను భద్రపరిచి జాబితా వేసే ఆర్కివిస్టు అనే పోస్టు చాలా విశ్వవిద్యాలయాలు ఎన్నడూ సృష్టించనే లేదు.

అన్నీ తెచ్చి ఇంటర్నెట్‌లో పోయమని మేం అనడం లేదు. ఒక చెంచు వైద్యుడు స్కాలర్‌ను నమ్మి చెప్పిన మూలికల వివరం మందుల కంపెనీకి ఫ్రీగా దొరకకూడదు. పాట పాడిన మనిషి పేరు, ఆ కుటుంబం అనుమతి రికార్డుతో పాటే ఉండాలి. వాళ్ల ఊరికి ఒక కాపీ తిరిగి వెళ్లాలి. ఏది అందరికీ తెరవాలి, ఏది అడిగినవాళ్లకే చూపాలి అని నిర్ణయించడానికి కూడా తెలిసిన మనిషి ఒకరు కుర్చీలో ఉండాలి. ఆపరేటర్ మీద వదిలేసే పని కాదిది.

అందుకే రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లను మేం కోరేది ఇది. ప్రతి విశ్వవిద్యాలయంలో ఒక్క ఆర్కివిస్టు పోస్టయినా మంజూరు చేసి రెగ్యులర్‌గా భర్తీ చేయాలి. పీహెచ్‌డీ ఫైలులో సాఫ్ట్ కాపీ రసీదుతో పాటు క్షేత్ర సామగ్రి అప్పగించిన రసీదూ ఉండాలి. పదవీ విరమణ చేసే ఆచార్యుడు లైబ్రరీకి వెళ్లి పుస్తకాలేవీ బాకీ లేనని నో డ్యూస్ తెచ్చుకుంటేనే పెన్షన్ కాగితాలు కదులుతాయి. ఆ ఫారంలోనే ఇంకో గడి పెట్టాలి: సర్వీసులో పోగుచేసిన టేపులు, కార్డులు, నోటు పుస్తకాలు ముట్టినట్టు ఆర్కివిస్టు సంతకం. ఈ ఏడాది రిటైరవుతున్నవాళ్లలో 1980ల్లో టేప్ రికార్డర్ భుజాన వేసుకుని పల్లెలు తిరిగిన తరం దాదాపు లేదు, వాళ్లు ఎప్పుడో ఇంటికి వెళ్లిపోయారు. వాళ్ల ఇళ్లకు విశ్వవిద్యాలయమే మనిషిని పంపాలి, అదీ ఈ వేసవి సెలవుల్లోనే.