డన్‌బార్ గురువులనూ తలచుకోవాలి

వాషింగ్టన్‌లోని డన్‌బార్ హైస్కూలు పూర్వ విద్యార్థులను స్మరిస్తూ వచ్చిన ఒక వ్యాసం నాకెంతో నచ్చింది. అయితే వారిని తీర్చిదిద్దిన ఉపాధ్యాయుల గురించి ఇంకొంత చెప్పవలసి ఉందని నా అభిప్రాయం. 1870లో ఒక చర్చి నేలమాళిగలో నల్లజాతి పిల్లల కోసం మొదలై, 1916లో కవి పాల్ లారెన్స్ డన్‌బార్ పేరు పొందిన ఈ బడి, విశ్వవిద్యాలయాలలో బోధించగల పాండిత్యం ఉండీ వర్ణవివక్ష వల్ల అక్కడ ఉద్యోగం దొరకని ఎందరికో నెలవైంది. బానిసగా పుట్టిన అన్నా జూలియా కూపర్ ఇక్కడ ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేశారు. అరవై ఏళ్లు దాటిన తరువాత, 1925లో, పారిస్‌లో డాక్టరేట్ సాధించారు. ఆ పట్టుదలను తలచుకున్నప్పుడల్లా నా మనసు ఉప్పొంగుతుంది. హార్వర్డ్‌లో డాక్టరేట్ పొందిన చరిత్రకారుడు కార్టర్ వుడ్సన్ కూడా ఇక్కడ పాఠాలు చెప్పారు.

రక్తపు ప్లాస్మాను నిల్వచేసే విధానానికి బాటలు వేసిన చార్లెస్ డ్రూ, పౌరహక్కుల న్యాయవాది తర్గుడ్ మార్షల్‌కు న్యాయశాస్త్రం బోధించి, బడులలో నల్ల, తెల్ల పిల్లలను వేరుచేయడం చెల్లదన్న 1954 నాటి బ్రౌన్ తీర్పుకు పునాది వేసిన చార్లెస్ హ్యామిల్టన్ హ్యూస్టన్ ఇక్కడి విద్యార్థులే. ఇంతటి చరిత్ర ఉన్న 1916 నాటి భవనాన్ని 1970లలో కూల్చివేయడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. 2013లో తెరిచిన కొత్త భవనంలో పూర్వ విద్యార్థుల పేర్లను నేలపై ఫలకాలుగా అమర్చారు. వాటిని చూసే పిల్లలకు కూపర్, వుడ్సన్‌ల కథ కూడా తరగతి గదిలోనే చెప్పాలని కోరుకుంటున్నాను.