పొమ్మంటే పోని ఆవకాయ

మాదాపూర్‌లోని మా ఆఫీసులో ఒక సోమవారం మేనేజర్ గారు ప్రకటించారు: "ఇకమీదట మనది క్రాస్ ఫంక్షనల్ టీం. డెవలపర్లు ఓ మూల, టెస్టర్లు ఇంకో మూల కూర్చోవడం బంద్." కుర్చీలన్నీ ఒక్కచోటికి లాక్కున్నాం. మొత్తం తొమ్మిదిమందిమి. చిన్న టీంలు విడతలవారీగా పనిచేసే స్క్రమ్ అనే పద్ధతికి ఉన్న గైడ్, టీంలో పదిమంది దాకా ఉండొచ్చంటుంది కాబట్టి, ఒక కుర్చీ ఖాళీగా అట్టిపెట్టారు.

అసలు క్రాస్ ఫంక్షనల్ అన్న మాటకి అర్థం, పని పూర్తి చేయడానికి కావాల్సిన విద్యలన్నీ టీంలోనే ఉండాలని. టీంకి ఉంటే చాలు, ఒక్కొక్కరికీ అన్నీ రానక్కర్లేదు. ఈ రెండో ముక్క మావాళ్ల చెవిన పడలేదు. డిజైనర్ అమ్మాయి వెళ్లి డేటాబేస్ ముందు కూర్చుంది. టెస్టర్ కోడ్ రాస్తానన్నాడు. డేటాబేస్ తప్ప ఇంకేం తెలియని నాకు స్క్రీన్ల డిజైన్ వచ్చింది. అందరూ అందలమెక్కితే మోసేదెవరంటారు గానీ, మా దగ్గర అందరూ మోయడానికే ఎగబడ్డారు. కాకపోతే పక్కవాడి బొంగు పట్టుకుని.

చేస్తున్నది పచ్చళ్లమ్మే యాప్. ఆర్డర్ వద్దనుకునేవాళ్ల కోసం స్క్రీన్ మీద వచ్చే పెట్టె ఒకటి నేను తయారుచేశాను. "ఆర్డర్ రద్దు చేయాలా?" కింద రెండు బటన్లు: "సరే", "రద్దు". ముచ్చటగా రంగులు కూడా వేశాను.

రెండు వారాల స్ప్రింట్, అంటే ఒక విడత పని, అయింది, డెమో రోజొచ్చింది. గుంటూరు నుంచి పచ్చళ్ల కొట్టు పెద్దాయన వీడియో కాల్లోకి వచ్చారు. కిలో ఆవకాయ ఆర్డర్ పెట్టారు.

"ఇప్పుడు రద్దు చేసి చూడండి సార్" అన్నాన్నేను, ఉత్సాహం ఆపుకోలేక.

పెట్టె వచ్చింది. ఆయన "రద్దు" నొక్కారు. పెట్టె పోయింది, ఆవకాయ ఉంది. మళ్లీ నొక్కారు. మళ్లీ అంతే. మూడోసారి కళ్లజోడు పెట్టుకుని మరీ నొక్కారు. ఆవకాయ కదల్లేదు. "పోన్లే బాబూ, ఉండనీ" అంటూ "సరే" నొక్కారు.

ఆర్డర్ పోయింది.

"ఇదేంటండీ, పొమ్మంటే పోలేదు, ఉండమంటే పోయింది?"

మేనేజర్ గారు మావైపు తిరిగారు. "దీన్నెవరు టెస్ట్ చేశారు?"

"ఈ స్ప్రింట్‌లో నేను డెవలపర్ని సార్" అన్నాడు టెస్టర్.

"నేను డేటాబేస్ సార్" అంది డిజైనర్.

నేను డిజైనర్నని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

పెద్దాయనే కాస్త జాలిపడ్డారు. "ఒకదానిమీద 'ఉంచండి', రెండోదానిమీద 'తీసేయండి' అని రాయరాదూ? మా కొట్లో అలాగే అడుగుతాం."

ఎవరూ మాట్లాడలేదు. మేనేజర్ గారు మాత్రం ఆ ఖాళీ కుర్చీ వంకే చూస్తున్నారు.